ర్యాంకు కాగితం, ఫీజు లెక్క

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ ర్యాంకులు వెలువడగానే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారిపోతుంది. అంతవరకూ చదువు గురించి అడిగిన తల్లిదండ్రులు ఒక్కసారిగా డబ్బు గురించి అడుగుతారు. అది అడగడానికి కొందరు మొహమాటపడతారు కూడా. మొహమాటం అక్కర్లేదు. పిల్లల ర్యాంకుకు సీటు ఎక్కడ వస్తుందన్నది ఎంత ముఖ్యమో, ఆ సీటుకు నాలుగేళ్లలో మన చేతి నుంచి ఎంత పడుతుందన్నదీ అంతే ముఖ్యం. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో అయిదింటికి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: మాది నకిరేకల్ దగ్గర పల్లె. నేను దర్జీ పని చేస్తాను. మా అమ్మాయికి టీజీ ఎప్‌సెట్‌లో 38 వేల పైచిలుకు ర్యాంకు వచ్చింది. మేము బీసీ-బి. ఏడాదికి లక్షా ఇరవై వేల ఆదాయమున్నట్టు తహసీల్దారు ఇచ్చిన పత్రం ఉంది. అమ్మాయి కంప్యూటర్ సైన్స్ చదువుతానంటోంది. హైదరాబాద్ శివారులోని ఒక కళాశాల ఫీజు ఏడాదికి 95 వేలు, హాస్టల్ 70 వేలు. నల్గొండ పక్కన ఇంకో కళాశాల ఫీజు 50 వేలు, ఇంటి నుంచి బస్సు 25 వేలు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది గనుక ఏదైనా ఒకటేనని ఊళ్లో అంటున్నారు. నిజమేనా? అసలు మా ర్యాంకుకు ఏ కళాశాలల్లో సీటు వస్తుందో తెలుసుకునేదెలా?

జవాబు: ఊళ్లోవాళ్ల మాట నిజం కాదు. ముందు ఆ సంగతి తేల్చుకుని, తర్వాత ర్యాంకు దగ్గరికి వద్దాం.

తెలంగాణలో బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనుకబడిన) విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద ప్రభుత్వం ఇంజినీరింగ్ ఫీజు మొత్తాన్ని భరించేది సాధారణంగా ఎప్‌సెట్‌లో 10,000 లోపు ర్యాంకు వచ్చినప్పుడే. ఆ గీత దాటితే ఏడాదికి గరిష్ఠంగా 35,000 రూపాయలే ఇస్తారు, మిగిలింది విద్యార్థి కట్టుకోవాలి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు మాత్రం ఈ ర్యాంకు గీత వర్తించదు. కుటుంబ ఆదాయం గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు దాటకూడదన్న నిబంధన బీసీలకు ఉంది. మీ ఆదాయం ఆ పరిమితిలోనే ఉంది కాబట్టి 35,000 మీకు వస్తుంది. మీ అమ్మాయి ర్యాంకు 10,000 దాటింది కాబట్టి అంతకు మించి రాదు.

ఇప్పుడు మీరు పంపిన అంకెలనే తీసుకుందాం. శివారు కళాశాల ఫీజు 95 వేలలో ప్రభుత్వ వాటా పోగా 60 వేలు మీ మీద పడుతుంది. నాలుగేళ్లకు 2,40,000. హాస్టల్ నాలుగేళ్లకు 2,80,000. రెండూ కలిపితే 5,20,000. నల్గొండ పక్క కళాశాలలో ఫీజు 50 వేలకు ప్రభుత్వ వాటా పోగా మిగిలేది 15 వేలు, నాలుగేళ్లకు 60,000. బస్సుకు లక్ష. మొత్తం 1,60,000. రెండింటికీ తేడా 3,60,000 రూపాయలు. మీ ఆదాయ పత్రంలో రాసిన అంకె ప్రకారం అది సరిగ్గా మూడేళ్ల సంపాదన. పరీక్ష ఫీజులు, విశ్వవిద్యాలయ రుసుములు, పుస్తకాలు, ల్యాప్‌టాప్ రెండు చోట్లా ఉండేవే కనుక వాటిని ఈ లెక్కలో కలపలేదు.

మరో మాట కూడా ముందే చెప్పాలి. రీయింబర్స్‌మెంట్ మంజూరైనంత మాత్రాన డబ్బు వేళకు కళాశాలకు చేరుతుందన్న భరోసా లేదు. బకాయిలు పేరుకుపోయి 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు కళాశాలలు తలుపులు మూసి నిరసన తెలిపేదాకా వెళ్లింది పరిస్థితి. ఇలాంటప్పుడు ముందు మీరు కట్టండి, ప్రభుత్వం ఇచ్చాక మీకు తిరిగి ఇస్తామనే యాజమాన్యాలు ఉంటాయి. అందువల్ల కళాశాలను ఎంచుకునేటప్పుడు ఒక ఏడాది ప్రభుత్వ వాటాను కూడా అవసరమైతే చేబదులు తెచ్చి కట్టగలమా అని ఆలోచించుకోవాలి. 50 వేల ఫీజున్న చోట ఆ కష్టాన్ని ఎలాగో గట్టెక్కవచ్చు, 95 వేలున్న చోట అది అప్పుల్లోకి దింపుతుంది.

ఇక సీటు ఎక్కడ వస్తుందన్న ప్రశ్న. దీనికి ప్రిడిక్టర్ల పేరుతో వచ్చే యాప్‌లు అవసరం లేదు, డబ్బు తీసుకునే సలహాదారులు అసలే అవసరం లేదు. సీట్లు కేటాయించే కౌన్సెలింగ్ వెబ్‌సైటులో ప్రతి ఏడాది విడతలవారీగా చివరి ర్యాంకుల పట్టిక పెడతారు, దాన్నే లాస్ట్ ర్యాంక్ స్టేట్‌మెంట్ అంటారు. ఫోన్‌లో తెరిస్తే అక్షరాలు చీమల బారులా కనిపిస్తాయి కాబట్టి ఇంటర్నెట్ సెంటరులో మీకు కావాల్సిన పేజీలు అచ్చు తీయించుకుని స్కేలు, పెన్సిలు పట్టుకుని కూర్చోండి. అడ్డంగా ఒక్కో వరుస ఒక కళాశాలలోని ఒక బ్రాంచి. ఎడమ వైపు గడుల్లో కళాశాల కోడ్, పేరు, ఊరు, జిల్లా, అది ప్రైవేటుదా విశ్వవిద్యాలయానిదా, అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి చదివేదా, ఎప్పుడు మొదలైందీ ఉంటాయి. తర్వాత ఓసీ బాలురు, ఓసీ బాలికలు, బీసీ-ఏ బాలురు, బీసీ-ఏ బాలికలు అంటూ వర్గాలవారీగా నిలువు గడులు సాగుతాయి. కుడి చివర ట్యూషన్ ఫీజు, ఏ విశ్వవిద్యాలయానికి అనుబంధమో రాసి ఉంటుంది. ర్యాంకు, ఫీజు ఒకే వరుసలో దొరికే కాగితం ఇదొక్కటే. చిత్రమేమంటే, వేల రూపాయలు పోసి సలహాలు కొనుక్కునేవాళ్లలో చాలామంది దీన్ని చూసి ఉండరు.

మీరు చూడాల్సింది బీసీ-బి బాలికల గడి. దాంతోపాటు ఓసీ బాలికల గడి కూడా చూడండి, ఎందుకంటే ఓపెన్ సీట్లకు మీ అమ్మాయి కూడా పోటీలో ఉంటుంది. చాలామంది చేసే పొరపాటు ఓసీ బాలుర గడిలో అంకె చూసి ఆశ వదులుకోవడం. బాలికలకు మూడో వంతు సీట్లు ప్రత్యేకం కాబట్టి ఒకే బ్రాంచిలో బాలుర గడికీ బాలికల గడికీ వేల ర్యాంకుల తేడా రావచ్చు. ఒకే ఏడాది పట్టికతో తృప్తిపడకండి. మూడేళ్లవి పక్కపక్కన పెట్టుకోండి. కంప్యూటర్ సైన్స్, దాని పక్కన పుట్టుకొచ్చిన కృత్రిమ మేధ, డేటా సైన్స్ బ్రాంచిల్లో సీట్లు పెరిగిన చోట చివరి ర్యాంకు కిందికి జారుతుంది, అంటే అంకె పెరుగుతుంది. కొత్త సీట్లు రాని పేరున్న కళాశాలలో అది కదలదు. ఏ అంకె ఏ విడతదో కూడా గమనించాలి. తొలి విడతలో ముగిసిన ర్యాంకు మీ అమ్మాయి ర్యాంకు కన్నా పెద్ద అంకె అయితే ఆ సీటు మీద గట్టి ఆశ పెట్టుకోవచ్చు. చివరి విడతలో మాత్రమే అలా ఉంటే, అది ఎదురుచూసి చూడాల్సిన సీటు.

బీసీ-బి బాలికల గడిలో 25 వేల నుంచి 70 వేల మధ్య అంకె ఉన్న వరుసలన్నీ పెన్సిలుతో గుర్తుపెట్టండి. వాటిలో ఫీజు గడి చూసి మీరు మోయలేనివి కొట్టేయండి. తెలంగాణలో ఫీజులను ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ మూడేళ్లకోసారి ఖరారు చేస్తుంది. 2022లో ఖరారు చేసినప్పుడు కనీస ఫీజు 45,000 రూపాయలు, అప్పటి పెద్ద ఫీజుల్లో ఒకటైన మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌ది 1,60,000. ఇంత వ్యత్యాసం ఉన్న చోట ఫీజు గడి చూడకుండా ఆప్షన్లు (కావాల్సిన కళాశాలలు, బ్రాంచిల జాబితా) పెట్టడం ధర అడగకుండా పెళ్లి పట్టుచీరలు కట్టించుకోవడం లాంటిది.

కొట్టేయగా మిగిలిన వాటిలో ముందుగా విశ్వవిద్యాలయాల సొంత కళాశాలలు చూడండి. జేఎన్టీయూ హైదరాబాద్‌కు కూకట్‌పల్లి ప్రాంగణంతో పాటు సుల్తాన్‌పూర్, జగిత్యాల, మంథని, సిరిసిల్ల, వనపర్తిల్లో కళాశాలలున్నాయి. మీకు దగ్గరలో నల్గొండలోనే మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ కళాశాల ఉంది. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. విశ్వవిద్యాలయ కళాశాలల్లో రెగ్యులర్ సీట్లతో పాటు సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లు కూడా ఉంటాయి. కళాశాల అదే, తరగతి అదే, ఫీజు మాత్రం వేరు. పట్టికలో కోడ్ వేరుగా ఉంటుంది కాబట్టి ఫీజు గడిని మరోసారి చూసుకున్నాకే ఆప్షన్ పెట్టండి.

తక్కువ ఫీజున్నదల్లా మంచిదని నేను చెప్పడం లేదు. ప్రైవేటు కళాశాల అయితే మీ అమ్మాయి చేరే బ్రాంచికే ఎన్‌బీఏ (కోర్సుల నాణ్యత చూసే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా, ఆ గడువు ఎప్పటివరకు అన్నది అడగండి. కళాశాల గేటు మీద రాసిన గుర్తింపు పక్క బ్రాంచిది కావచ్చు. ఒక రోజు పని మానుకుని అయినా అమ్మాయిని తీసుకుని వెళ్లి మూడో సంవత్సరం పిల్లలతో మాట్లాడండి. ల్యాబులో సిస్టమ్‌లు పనిచేస్తాయా, గణితం చెప్పే మాస్టారు ఏడాది మధ్యలో ఎన్నిసార్లు మారారు అని అడిగితే వాళ్లు దాచరు.

చివరిగా వెబ్ ఆప్షన్ల వరుస. సీటు రాదేమోనన్న భయంతో ఖాయంగా వచ్చేదాన్ని మొదట పెట్టేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. మా వీధిలోనే ఒక అబ్బాయి అలా పెట్టి, తనకన్నా వెనక ర్యాంకు వచ్చిన స్నేహితుడు మంచి కళాశాలలో చేరితే ఏడాదంతా కుమిలిపోయాడు. కంప్యూటర్ ర్యాంకు క్రమంలో ఒక్కొక్కరి జాబితా పైనుంచి కిందికి చదువుతూ, ఖాళీగా ఉన్న మొదటి సీటును ఇచ్చేస్తుంది. పైన అందుతుందో లేదో తెలియని సీటు పెట్టినందువల్ల కిందిది చేజారదు. కాబట్టి మనసుకు నచ్చిన, ఫీజు మోయగలిగిన క్రమంలోనే పెట్టండి. రెండో విడతలో మాత్రం జాగ్రత్త. అప్పటికే వచ్చిన సీటు కన్నా నిజంగా మేలైనవి మాత్రమే పెట్టాలి, ఎందుకంటే కొత్త సీటు రాగానే పాతది దానంతటదే రద్దవుతుంది, వెనక్కి ఇమ్మంటే ఇవ్వరు. ఆదాయ ధ్రువపత్రం ఈ ఏడాది జనవరి 1 తర్వాత జారీ అయినదై ఉండాలన్న సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. పాతదైతే మీసేవలో కొత్తదానికి వెంటనే దరఖాస్తు చేయండి.

ప్రశ్న: మాది నంద్యాల. మా అబ్బాయికి ఏపీ ఈఏపీసెట్‌లో 160కి 72 వచ్చాయి. వాడి స్నేహితుడికి 80 వచ్చాయి. అయినా మావాడి ర్యాంకే మెరుగ్గా ఉంది. పొరపాటు జరిగిందేమోనని భయంగా ఉంది. తర్వాత సరిదిద్ది ర్యాంకు కిందికి దించుతారా? గుంటూరు, విజయవాడ వైపు కళాశాలలకు ప్రయత్నించవచ్చా?

జవాబు: పొరపాటేమీ జరగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాంకుకు ప్రవేశ పరీక్ష మార్కులకు 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంటుంది. మీ అబ్బాయికి ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల్లో 90 శాతం వచ్చాయనుకుందాం. 160కి 72 అంటే 45 శాతం, దానిలో 75 వంతుల లెక్కన 33.75. ఇంటర్ నుంచి 22.5. మొత్తం 56.25. స్నేహితుడికి 80 అంటే 50 శాతం, 37.5. అతనికి ఇంటర్‌లో 70 శాతమే ఉంటే వచ్చేది 17.5. మొత్తం 55. అక్కడే మీవాడు ముందుకు వెళ్లాడు. వేర్వేరు పూటల ప్రశ్నపత్రాల కష్టసుఖాలను సమం చేయడానికి మార్కులను నార్మలైజ్ చేస్తారు కనుక దశాంశాల్లో అంకెలు కొంత అటూ ఇటూ అవుతాయి, లెక్క తీరు మాత్రం ఇదే. తెలంగాణ 2023 నుంచి ఇంటర్ వెయిటేజీని తీసేసింది కాబట్టి హైదరాబాద్ బంధువుల లెక్కలతో మీ లెక్కను పోల్చకండి. మార్కుల నుంచి ర్యాంకు ఊహించే పట్టికలు ఒక రాష్ట్రానివి మరో రాష్ట్రానికి పనికిరాకపోవడానికి ఇదొక కారణం.

నంద్యాల శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధిలోకి వస్తుంది. ఉమ్మడి చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు జిల్లాలన్నీ ఆ పరిధిలోనివే. గుంటూరు, విజయవాడలు ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిధిలో ఉన్నాయి. ఏ పరిధిలోని కళాశాలలో అయినా 85 శాతం సీట్లు ఆ పరిధి స్థానికులకే. మిగిలిన 15 శాతం అందరికీ తెరిచి ఉంటాయి, కానీ వాటికి స్థానికులు కూడా పోటీపడతారు. అందువల్ల గుంటూరు కళాశాల చివరి ర్యాంకు చూసి, మనవాడి ర్యాంకు అంతకన్నా మెరుగ్గా ఉంది గనుక సీటు ఖాయమనుకోకండి. ఆ అంకె ఎక్కువగా అక్కడి స్థానికులది. మీకు గట్టి ఆశ ఉండాల్సింది సొంత పరిధిలోనే. అనంతపురం, పులివెందుల, కలికిరిలలోని జేఎన్టీయూ కళాశాలలు, తిరుపతిలోని ఎస్వీయూ ఇంజినీరింగ్ కళాశాల జాబితాలో తప్పక ఉండాలి. తర్వాత కర్నూలు, నంద్యాల, కడపల ప్రైవేటు కళాశాలలు చూసుకోండి. గుంటూరు, విజయవాడ పేర్లు కూడా పైన పెట్టండి, పెట్టినందుకు పోయేదేమీ లేదు. దూరమైతే హాస్టల్ ఖర్చు అదనమని మాత్రం గుర్తుంచుకోండి.

ఫీజు విషయంలో మీ రాష్ట్రపు తీరు తెలంగాణకు భిన్నం. 2019 నాటి ఉత్తర్వుల్లో ఏడాది ఆదాయం రెండున్నర లక్షల లోపు ఉన్న కుటుంబాల పిల్లలకు, కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా చేరితే, ర్యాంకుతో నిమిత్తం లేకుండా నిర్ణయించిన ట్యూషన్ ఫీజు మొత్తం ప్రభుత్వం భరించేలా చేశారు. బకాయిల బాధ మాత్రం అక్కడా తప్పలేదు. మీరు రైతులైతే భూమి పరిమితి కూడా ఉంటుంది, మాగాణి పది ఎకరాల లోపు, మెట్ట ఇరవై అయిదు ఎకరాల లోపు. పాసు పుస్తకం సిద్ధంగా పెట్టుకోండి.

ప్రశ్న: మావాడికి 90 వేల ర్యాంకు వచ్చింది. ఒక ఏజెంటు ఫోన్ చేసి పేరున్న కళాశాలలో బి కేటగిరీ సీటు ఇప్పిస్తానన్నాడు. ఇప్పుడే లక్ష అడ్వాన్సు ఇచ్చి, పదో తరగతి మెమో, టీసీ ఒరిజినల్స్ అప్పగించమంటున్నాడు. రీయింబర్స్‌మెంట్ కూడా వస్తుందట. ఏమంటారు? (వరంగల్ నుంచి ఒక తండ్రి)

జవాబు: వద్దంటాను. ప్రైవేటు కళాశాలల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటావి, మిగతా 30 శాతం యాజమాన్య కోటావి. వాటినే బి కేటగిరీ అంటారు. ఆ సీట్లలో చేరినవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. వస్తుందని చెప్పినవాడు అబద్ధమాడుతున్నాడు, మిగతా మాటల్ని కూడా ఆ తూకంతోనే తూచండి. కౌన్సెలింగ్ ముగిశాక జరిగే స్పాట్ అడ్మిషన్లదీ ఇదే దారి, రీయింబర్స్‌మెంట్ ఉండదు.

ఫీజుకు మించి విరాళం పేరుతో తీసుకోవడాన్ని ఉమ్మడి రాష్ట్రంలోనే 1983 చట్టం నిషేధించింది. ఆ చట్టం ఉన్నా వసూళ్లు ఆగలేదని మీకూ నాకూ తెలుసు. రశీదు లేని డబ్బు ఇచ్చాక సీటు రాకపోతే మీరు ఎవరినీ అడగలేరు. చట్టవిరుద్ధంగా ఇచ్చిన డబ్బుకు మీరే సాక్ష్యం చెప్పుకోలేరు కదా. ఇక ఒరిజినల్ ధ్రువపత్రాలు. వాటిని తమ దగ్గర అట్టేపెట్టుకునే హక్కు కళాశాలకే లేదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లో స్పష్టంగా చెప్పింది. ఏజెంటు ఎవరు? ఒకసారి టీసీ చేతులు మారితే కన్వీనర్ కౌన్సెలింగ్‌లో మంచి సీటు వచ్చినా చేరలేక ఆ ఏజెంటు చుట్టూ తిరగాల్సి వస్తుంది. వరంగల్ చుట్టుపక్కల 90 వేల ర్యాంకుకు సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ బ్రాంచిల్లో కన్వీనర్ సీట్లు దొరికే వరుసలు పట్టికలో ఉంటాయి. ముందు అవి చూడండి. పేరున్న కళాశాలలో ఏదో ఒక సీటు కోసం లక్షలు పోయడం కన్నా, ఆ డబ్బులో నాలుగో వంతుతో దగ్గరి కళాశాలలో నాలుగేళ్లు గడిచిపోతాయి.

ప్రశ్న: ఖమ్మంలో ఉంటాం. నాది ప్రైవేటు ఉద్యోగం, ఏడాదికి నాలుగున్నర లక్షలు. ఓసీ. కవల పిల్లలు, ఒక బాబు, ఒక పాప. ఇద్దరూ జేఈఈ మెయిన్, ఎప్‌సెట్ రెండూ రాశారు. బాబుకు ఎన్‌ఐటీలో కెమికల్‌లాంటి బ్రాంచి వచ్చేలా ఉంది, కానీ ఏడాది ఫీజు లక్షా ఇరవై అయిదు వేలంటున్నారు. పాపకు ఎప్‌సెట్‌లో 14 వేలు. ఇద్దరి ఫీజు ఒక్కసారే కట్టడం ఎలా? బాబును కూడా ఇక్కడే ఏదైనా ప్రైవేటు కళాశాలలో చేర్చమంటారా?

జవాబు: చేర్చకండి. మీ విషయంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన ఎన్‌ఐటీయే చవక. బీటెక్ ట్యూషన్ ఫీజు సెమిస్టరుకు 62,500 రూపాయలన్నది నిజమే, కానీ కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష నుంచి అయిదు లక్షల మధ్య ఉన్న విద్యార్థులకు అందులో మూడింట రెండు వంతులు మినహాయిస్తారు. లక్ష లోపు ఆదాయమున్నవారికీ, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకూ పూర్తి మినహాయింపు. మీ లెక్కన ఏడాదికి లక్షా పాతిక వేలలో మూడో వంతు, అంటే 42 వేలకు కాస్త తక్కువ. హాస్టల్, మెస్ విడిగా కట్టాలి. అది కలిపినా నగరంలోని పేరున్న ప్రైవేటు కళాశాల ఫీజు, హాస్టల్ కన్నా భారం కాదు. వరంగల్‌లో కాకుండా తాడేపల్లిగూడెంలోనో, ఇంకా దూరంలోనో వచ్చినా ఈ మినహాయింపు మారదు. ఆదాయ పత్రం తేదీ, అంకె సరిగా ఉండాలి. మీది జీతం కాబట్టి ఫారం 16, ఆదాయపు పన్ను రిటర్ను కూడా దగ్గర ఉంచుకోండి.

పాపకు రీయింబర్స్‌మెంట్ వర్తించదు, మీ ఆదాయం పరిమితి దాటింది. అయితే అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) వారి ప్రగతి ఉపకార వేతనం ఇలాంటి అమ్మాయిల కోసమే ఉంది. కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉండి, ఏఐసీటీఈ గుర్తింపు పొందిన కళాశాలలో మొదటి సంవత్సరం చేరిన అమ్మాయిలకు ఏడాదికి 50,000 రూపాయలు ఇస్తారు. ఒక ఇంట్లో ఇద్దరు అమ్మాయిల వరకు అర్హులు. దరఖాస్తు జాతీయ ఉపకార వేతనాల పోర్టల్‌లో చేయాలి, ఎంపిక మెరిట్ ప్రకారం ఉంటుంది కనుక వచ్చితీరుతుందని లెక్క వేసుకోకండి. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాల) ధ్రువపత్రానికి మీరు అర్హులో కాదో తహసీల్దారు కార్యాలయంలో కనుక్కోండి. అర్హులైతే పాపకు పది శాతం సీట్ల పోటీలో పేరు చేరుతుంది, బాబుకు ఎన్‌ఐటీ సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్‌లోనూ పనికొస్తుంది. కేంద్రానికి ఇచ్చే పత్రం నమూనా వేరు, రాష్ట్రానికి ఇచ్చేది వేరు. రెండూ తీసుకోండి.

ప్రశ్న: మా చెల్లెలి కొడుక్కి 1,30,000 ర్యాంకు. ఇంట్లో తండ్రి లేడు, చెల్లెలు బీడీలు చుడుతుంది. ఎలాగైనా ఇంజినీరింగే చదివించాలని ఆమె పట్టుదల. పిల్లవాడు మాత్రం బీఎస్సీ చదువుతానంటున్నాడు. ఎవరి మాట వినాలి? (నిజామాబాద్ జిల్లా నుంచి మేనమామ)

జవాబు: ఈసారికి పిల్లవాడి మాట వినండి. ఆ ర్యాంకుకు సీటు దొరకదని కాదు, దొరుకుతుంది. ప్రైవేటు కళాశాలల్లో సీట్లు మిగిలిపోతూనే ఉంటాయి. కానీ ఆ ర్యాంకుకు దొరికే చోట్లలో మంచివాటిని ఏరడం కష్టం. ఏరినా, మీరు బీసీలైతే ఫీజులో 35 వేలు పోగా మిగిలేదీ, హాస్టలూ ఆమె మీద పడతాయి. బీడీలు చుట్టే చేతులకు అది మామూలు బరువు కాదు.

ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో బీఎస్సీ ఫీజు ఇంజినీరింగ్‌తో పోలిస్తే లెక్కలోకి రానంత తక్కువ. నిజామాబాద్‌లోనే ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది. గణితం, కంప్యూటర్ సైన్స్ కలిసిన కాంబినేషన్ తీసుకుంటే దారులు మూసుకుపోవు. గణితం చదివిన బీఎస్సీ పట్టభద్రులు ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు, ఐసెట్ రాసి ఎంసీఏకు వెళ్లవచ్చు, విశ్వవిద్యాలయంలో ఎంఎస్సీ చేయవచ్చు. మూడేళ్ల తర్వాత కూడా పిల్లవాడికి ఇంజినీరింగ్ మీద మనసుంటే అప్పుడు వెళ్తాడు, అప్పటికి వాడికి పోటీ పరీక్ష అంటే ఏమిటో కూడా తెలిసి ఉంటుంది.

మీ చెల్లెలి మనసు నొచ్చుకోకుండా ఒక పని చేయవచ్చు. తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు దోస్త్ అనే ఆన్‌లైన్ విధానం ద్వారా జరుగుతాయి, నమోదు రుసుము 200 రూపాయలు. అందులో పిల్లవాడి పేరు నమోదు చేసి ప్రభుత్వ కళాశాలలను మొదట పెట్టండి. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లోనూ పాల్గొనండి, అయితే ఆప్షన్లలో యూనివర్సిటీ కళాశాలలు, ఇంటి నుంచి బస్సులో వెళ్లి రాగలిగిన రెండు మూడు కళాశాలలు తప్ప మరేదీ పెట్టకండి. వాటిలో సీటు వస్తే మళ్లీ కూర్చుని లెక్క వేసుకోండి. రాకపోతే పిల్లవాడు దోస్త్‌లో వచ్చిన సీటుకు వెళ్తాడు. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌కు ఫీజు, ఓసీ, బీసీ అయితే 1,200 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అయితే 600. ధ్రువపత్రాల పరిశీలనకు స్లాటు బుక్ చేసుకున్న రోజున ఇంటర్ మెమో, ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కులం, ఆదాయం పత్రాలు రెండేసి జిరాక్స్ ప్రతులతో సహా తీసుకెళ్లండి. తండ్రి లేడు కాబట్టి ఆదాయ పత్రం తల్లి పేరు మీద ఉండాలి. అది ఇంకా తీసుకోకపోతే ఈ వారంలోనే మీసేవకు వెళ్లండి.